సెన్యోర్‌గారు

టెక్సస్‌లో తెలుగువాళ్ళు నాలుగు వీధులు నిండిన చోటల్లా గుడికొక పూజారి, పచ్చళ్ళకొక పిన్నిగారు, వీసా సందేహాలకొక అన్నయ్య ఉంటారు. స్పానిష్‌కి ఒక సెన్యోర్‌గారు ఉంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు క్రెడిట్ కార్డు మీద భద్రంగా ఉంది గానీ, దాంతో ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు. వాళ్ళావిడ సెన్యోరాగారు. ఆ బిరుదు ఆవిడ కోరుకున్నది కాదు.

ఆయన చదువుకున్న బడి ఫోన్‌లో భాషలు నేర్పే యాప్‌లోని ఆకుపచ్చ గుడ్లగూబ. అది రోజూ పాఠం చెబుతుంది, ఈయన రోజూ అప్పజెబుతారు. ఒక్కరోజు ఎగ్గొట్టినా అది కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని, పెళ్ళిలో తలంబ్రాలు పోస్తున్నా పక్కకి వెళ్ళి పాఠం పూర్తిచేసి వస్తారు. రాష్ట్రంలో పదిమందిలో నలుగురు హిస్పానిక్ మూలాలవాళ్ళు కనక, నేర్చింది ప్రయోగించడానికి మనుషులకి కొదవ లేదు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. ఇంగ్లీషు మాటకీ స్పానిష్ మాటకీ లెక్క సరిపోతుంది, చెప్పుల జతలాగా. ఒకటి దొరికితే రెండోది ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఒక మాటకి ఇద్దరు ముగ్గురు జోడీలుంటారంటే ఆయన ఒప్పుకోరు. అది భాష లక్షణం కాదు, ఆ మాట శీలం మీద నింద అనుకుంటారు.

వడగళ్ళ వాన పడ్డాక ఇళ్ళ కప్పులు మార్చే కాలం వస్తుంది. అప్పుడు దుబాసీగా ఆయనకి చేతినిండా పని. మా ఎదురింటి కప్పు వేయడానికి వచ్చిన మేస్త్రీ సాయంత్రం పోతూ పోతూ, ‘మన్యానా పోర్ లా మన్యానా’ వస్తామన్నాడు. మన్యానా అంటే పొద్దున అని గుడ్లగూబ చెప్పింది. రెండుసార్లు అన్నాడంటే పొద్దున్నే, అందులోనూ మరీ పొద్దున్నే అని ఈయన తేల్చారు. ఎదురింటి ఇల్లాలు నాలుగింటికే లేచి పదిమందికి కాఫీ కలిపి వీధివాకిట్లో నిలబడింది. వాళ్ళు ఎనిమిదిన్నరకి వచ్చారు. మన్యానాకి ‘రేపు’ అని కూడా అర్థముందని, మేస్త్రీ చెప్పింది ఉత్త ‘రేపు పొద్దున’ అని అప్పుడు తెలిసింది. చల్లారిన కాఫీ మాత్రం సెన్యోర్‌గారే తాగారు.

పని ఎప్పుడు మొదలెడతారని అడిగితే మేస్త్రీ ‘అఓరీతా’ అన్నాడు. ఇప్పుడే, ఈ క్షణమే అని ఈయన ప్రకటించారు. మెక్సికో మాటల్లో అఓరీతా అంటే ఈ క్షణం కావచ్చు, భోజనాలయ్యాక కావచ్చు, ఎప్పటికీ కాకపోనూ వచ్చు. ఆ రోజు భోజనాలయ్యాక అయింది. పని పూర్తయ్యాక చెక్కు సంగతి వచ్చింది. మేస్త్రీ ‘ఎస్పేరో’ అన్నాడు. ‘చెక్కు వస్తుందని ఆశపడుతున్నాడట’ అన్నారీయన. ‘ఆశేమిటండీ, ఇస్తానని చెప్పాక!’ అని ఇంటాయన నొచ్చుకున్నాడు. పాపం, మేస్త్రీ ఎదురుచూస్తున్నానన్నాడు. స్పానిష్‌లో ఎదురుచూడటం, ఆశపడటం, వస్తుందనుకోవడం మూడింటికీ ఒకటే క్రియ. కూలి డబ్బు దగ్గర ఆ మూడింటికీ ఏ దేశంలోనూ తేడా ఉండదులెండి.

ఆయన కారెక్కితే జీపీఎస్ కట్టేయాలి. ‘జనాన్ని అడిగితేనే భాష వస్తుంది’ అంటారు. శాన్ ఆంటోనియోలో ఓ పెద్దాయనని దారి అడిగారు. ఆయన చెయ్యి చాచి, ‘దెరేచో, దెరేచో’ అన్నాడు. కుడిచేతివైపు అన్నది దెరేచా, నేరుగా పొమ్మన్నది దెరేచో. మధ్యనున్న తేడా ఒక్క అచ్చు. మనవారు కుడికి తిప్పారు. ఇంకా రాలేదేమని మళ్ళీ కుడికి తిప్పారు. నాలుగు కుడి మలుపులు తిరిగేసరికి అదే పెద్దాయన అక్కడే నిలబడి చెయ్యూపుతున్నాడు. ఆ మాటకే హక్కు అని, న్యాయశాస్త్రం అని కూడా అర్థాలున్నాయని ఆయనకి తర్వాతెవరో చెప్పారు. ‘అందుకే ఆయనంత ధీమాగా చెప్పాడు’ అన్నారు సెన్యోర్‌గారు.

లారెడో వెళ్ళే ముప్ఫయ్యైదో నంబరు రహదారి మీద టైరు పంక్చరైంది. ఓ ట్రక్కు డ్రైవరు ఆపి, సాయం చేద్దామని దిగి, ‘గాతో ఉందా?’ అని అడిగాడు. ‘లేదండీ, మా ఆవిడకి పిల్లులంటే పడదు’ అని సెన్యోర్‌గారు వ్యాకరణ దోషం లేని స్పానిష్‌లో జవాబిచ్చారు. డ్రైవరు కాసేపు ఆయన్ని, కాసేపు టైరుని, కాసేపు సెన్యోరాగారిని చూసి, తన బండిలోంచి జాకీ తెచ్చుకున్నాడు. పిల్లినీ గాతో అంటారు, జాకీనీ గాతో అంటారు.

ఆఫీసులో ఆర్జెంటీనా మిత్రుడొకడు కేకుని ‘తోర్తా’ అంటాడు. ఆ ధైర్యంతో ఈయన కూతురి పుట్టినరోజుకి ఓ మెక్సికన్ కొట్లో పెద్ద తోర్తా ఒకటి చెప్పొచ్చారు. మెక్సికోలో తోర్తా అంటే బన్నులో మాంసం, చీజు, మిరపకాయ కూరిన శాండ్‌విచ్. అమ్మాయి దాని మీదే కొవ్వొత్తి గుచ్చి ఆర్పింది. ఇంత జరిగినా పాఠం వంటబట్టలేదు. మాడ్రిడ్ వెళ్ళినప్పుడు, శనివారం కదా, రొట్టెముక్కతో సరిపెడదామని ‘తోర్తీయా’ అడిగారు. మెక్సికోలో అది రొట్టే, స్పెయిన్‌లో మాత్రం గుడ్లూ బంగాళాదుంపలూ వేసిన అట్టు. ఆ శనివారం వెంకటేశ్వరస్వామి క్షమించాడో లేదో గానీ సెన్యోరాగారు క్షమించలేదు.

డాలస్‌లో చేపల ప్రదర్శనకి వెళ్ళి, అద్దం వెనకాల ఈదుతున్నవాటిని చూపించి ‘పెస్కాదో, పెస్కాదో’ అని మురిసిపోయారు. నీళ్ళలో ఈదేదాన్ని ‘పేస్’ అంటారు, పట్టుకుని తినడానికి తెచ్చాక అది పెస్కాదో. ఇంగ్లీషుకి ఆ రెంటికీ ఒక్క ఫిషే. పక్కనున్న మెక్సికన్ కుర్రాడు, ‘వీటిని వండుతారా?’ అని వాళ్ళమ్మని అడిగాడు.

ఇంగ్లీషులో ఒక్క ‘బీ’ క్రియ చేసే చాకిరీకి స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని ఇద్దరున్నారు. ఎవరెక్కడ నిలబడాలో ఆయనకి ఇప్పటికీ తేలలేదు. కంపెనీ విందులో తనకి విసుగ్గా ఉందని చెప్పబోయి ‘ఎస్తోయ్ అబుర్రీదో’ అనడానికి బదులు ‘సోయ్ అబుర్రీదో’ అన్నారు. దానర్థం, ‘నేను విసుగు పుట్టించే మనిషిని’ అని. ఇన్నేళ్ళలో ఆయన పలికిన నికార్సయిన వాక్యం అదొక్కటేనని సెన్యోరాగారి అభిప్రాయం.

విందుల్లో ఆయనకి రెండు అంశాలు ఖాయం. మొదటిది, ‘ఎస్పోసాస్’ అంటే భార్యలనీ, చేతి సంకెళ్ళనీ రెండర్థాలూ ఉన్నాయన్నది. మగవాళ్ళు నవ్వుతారు. సెన్యోరాగారు ‘తాళంచెవి పోయింది నా చేతిలోంచేలెండి’ అంటారు. ఈసారి అందరూ నవ్వుతారు.

రెండోది, షెవర్లే వాళ్ళు నోవా అనే కారు తెస్తే, స్పానిష్‌లో ‘నో వా’ అంటే ‘కదలదు’ కనక ఎవరూ కొనలేదన్న కథ. మెక్సికోలో, వెనిజ్వెలాలో ఆ కారు బాగానే అమ్ముడైంది. పెమెక్స్ అనే మెక్సికో ప్రభుత్వ సంస్థ నోవా పేరుతోనే పెట్రోలు కూడా అమ్మింది. ఈ సంగతి చెబితే ఆయన మొహం చిన్నబుచ్చుకుంటారు. అందుకని మేం చెప్పడం మానేశాం.

అటునుంచి ఇంగ్లీషు నేర్పే బాధ్యత కూడా ఆయనదే. తోటమాలి ఒకసారి ‘సెట్’ అంటే ఏమిటని అడిగాడు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పు ఆ మాటకి 430 అర్థాలు చెప్పింది. సెన్యోర్‌గారు ఒకటి చెప్పి ఊరుకున్నారు. తోటమాలి దానికే దండం పెట్టాడు.

ఆ తోటమాలికే ఓ రోజు చెయ్యి వాచింది. సెన్యోర్‌గారు పని మానుకుని, తన కార్లో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ‘మున్యేకా నొప్పిగా ఉంది’ అన్నాడతను. ‘ఇతని బొమ్మకి నొప్పట’ అని నర్సుకి ఈయన అనువదించారు. మున్యేకా అంటే బొమ్మా అవును, మణికట్టూ అవును. నర్సు చిరునవ్వుతో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తెరమీద ఆస్పత్రి దుబాసీని పిలిచింది. ఇంకేమైనా బాధ ఉందా అంటే ‘కాన్స్తిపాదో’ అన్నాడు తోటమాలి. మలబద్ధకం అని ఈయన కుర్చీలోంచి సాయం పట్టబోయారు. దుబాసీ మాత్రం వెంటనే అనువదించలేదు. నర్సు అనుమతి తీసుకుని, ‘ముక్కుకి సంబంధించిందా, కడుపుకా?’ అని అతన్నే అడిగింది. ముక్కే. జలుబు. విరేచనాల మందు తప్పింది.

ఇది నవ్వుకునే సంగతి. 1980లో ఫ్లోరిడాలో నవ్వుకోలేని సంగతి జరిగింది. స్పృహ తప్పిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని క్యూబా మూలాల కుటుంబం ఆస్పత్రికి తెచ్చి, ‘ఇంతోక్సికాదో’ అంది. తిన్నదో తాగిందో పడక జబ్బుచేసిందని వాళ్ళ భావం. డాక్టర్లు ఇంగ్లీషు మాట ‘ఇంటాక్సికేటెడ్’ అనుకుని మత్తుమందు మోతాదు మించిందని వైద్యం చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం. రెండు రోజులు దాటాక గాని తెలియలేదు. కుర్రాడికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. పరిహారం 7 కోట్ల 10 లక్షల డాలర్ల దాకా లెక్కతేలింది. అక్కడ దుబాసీని ఎవరూ పిలవలేదు. ఒకరి మాట ఒకరికి అర్థమైందనే అందరూ అనుకున్నారు.

మందుసీసా చీటీ మీద ఇంగ్లీషులో ‘వన్స్’ అని రాస్తే ఒకసారి. అవే నాలుగక్షరాలు స్పానిష్‌లో చదివితే ‘ఓన్సే’, అంటే పదకొండు. సెన్యోర్‌గారు ఆ చీటీని గంభీరంగా చదివే దృశ్యం తలుచుకుంటే నాకు చెమట పడుతుంది.

అలాగని ఆయన్ని తీసిపారేయలేం. మా వీధిలో కప్పులెక్కేవాళ్ళనీ, గడ్డి కోసేవాళ్ళనీ పేరుపెట్టి పిలిచి, పిల్లల చదువులడిగి, ఎండలో చల్లటి మజ్జిగ అందించే మనిషి ఆయనొక్కరే. తప్పు స్పానిష్‌కి వాళ్ళు నవ్వుతారు, మా ఒప్పు ఇంగ్లీషుకి తలవంచుకుని పోతారు. కనక కప్పు పనికీ, తోట పనికీ, దారి తప్పడానికీ సెన్యోర్‌గారినే పిలవండి. ఆస్పత్రిలో మాత్రం దుబాసీ కావాలని గట్టిగా అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే అమెరికా ఆస్పత్రులు ఆ సాయం రోగికి ఉచితంగా ఇవ్వాలి. స్పానిష్‌కే కాదు, ఊరినుంచి వచ్చిన మీ అమ్మగారి తెలుగుకీ అడగవచ్చు.