మా బండి గేరు మాకే పడుతుంది

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కే పాత బండ్లలో కొన్నింటి హోదాయే వేరు. వాటికి మూడో గేరు పడాలంటే రాడ్‌ను కాస్త పక్కకు లాగి, పైకెత్తి, ఇష్టదైవాన్ని తలుచుకుని తోయాలి. పడ్డది జారిపోకుండా మోకాలు ఆనించాలి, లేదా సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేయాలి. కొత్తవాడు చెయ్యి వేస్తే కరకరమంటుంది. ‘మా బండి గేరు మాకే పడుతుంది’ అంటున్నప్పుడు యజమాని గొంతులో సిగ్గేమీ ఉండదు, బిరుదు అందుకున్నవాడి ధీమా ఉంటుంది. దొంగల భయం లేదని కూడా కలుపుతాడు. అది మాత్రం ఒప్పుకోవాలి, దొంగకూ ప్రాణం మీద తీపే కదా.

ఈ గర్వానికి ఒకప్పుడు అర్థం ఉండేది. పాత అంబాసిడర్ మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. నడుస్తున్న బండిని అందులోకి దించాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ ఇచ్చి, లోపల పళ్ల వేగాలు కలిశాక వేయాలి. మలుపులో ఆ పని చేసినవాడిది విద్యే, దండం పెట్టొచ్చు. నేటి ఘనుల చేతులు పూడుస్తున్నది తయారీలో లేనిదాన్ని కాదు, అరిగినా మార్చనిదాన్ని. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి చూసి నవ్వుతాం. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, దాన్ని బిగించనివాడికే చప్పట్లు.

మారుతీ 800నే తీసుకోండి. గేరు రాడ్‌కూ ముందున్న గేరుబాక్సుకూ మధ్య కారు కింద పొడవాటి రాడ్డు పోతుంది. అతుకుల దగ్గర రబ్బరు, ప్లాస్టిక్ బుష్‌లుంటాయి. అవి అరిగితే చేతి దగ్గర పూర్తిగా జరిగిన రాడ్ లోపలి స్లీవ్‌ను సగమే జరుపుతుంది. సగం పట్టిన పళ్లు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే వదిలేస్తాయి. ఇంజిన్ మౌంటింగులు చితికినా ఇదే గొడవ. బండి ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఒకరు రాడ్ కదుపుతుంటే ఇంకొకరు కిందికి వంగి చూస్తే చాలు, పైన కదిలి కింద కదలని చోట జబ్బు దొరుకుతుంది. స్టీరింగు పక్క గేరున్న పాత బండ్లలో లివర్‌నూ గేరుబాక్సునూ న్యూట్రల్‌లో పెట్టి లింకు రాడ్ల పొడవు సరిచేసుకోవాలి. రివర్స్ మాత్రమే గీరుకుంటుంటే ముందు క్లచ్ చూడాలి. ఇవన్నీ చేశాక కూడా జారితే అప్పుడు గేరుబాక్సు విప్పే మాట. ట్యూబు కట్టు వైద్యం ఆ మాటనే తొందరపెడుతుంది. ఆగకుండా లాగి పట్టిన రాడ్ వల్ల లోపలి ఫోర్కు, తిరిగే స్లీవ్‌కు రాసుకుని అరిగిపోతుంది.

‘ఘాట్ రోడ్డండీ, గేర్లు పాడవక ఏమవుతాయి’ అంటారు. నిజమే, మలుపు మలుపుకూ గేరు మార్చే దారిలో బుష్ త్వరగా అరుగుతుంది. అరిగేది త్వరగా అయితే చూసుకోవాల్సిందీ త్వరగానే. ఇదే దారిలో గాలికొండ నుంచి దిగేటప్పుడు గేరు జారిందంటే ఇంజిన్ పట్టు పోతుంది. బరువంతా బ్రేకుల మీద పడి, అవి కాగి పట్టు తప్పుతాయి. పెరిగిన వేగంలో మళ్లీ ఆ గేరు వేయడం ఎంత మొనగాడికైనా కష్టమే. జనాన్ని కుక్కుకుని సంతకు వెళ్లే జీపులో ఆ మొనగాడి మోకాలి మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడ్డాయో వెనక కూర్చున్నవాళ్లకు తెలియదు.

ఇంకో అభ్యంతరం బరువైనది: పార్టు కొండమీద దొరకదు, విశాఖ వెళ్లిరావాలి, ఆ రోజు కిరాయి పోతుంది. రోజుకూలీకి బండి తోలేవాడు ఈ మాటంటే తలవంచాల్సిందే. కానీ బుష్ కొనాల్సింది అతను కాదు, యజమాని. ఆ యజమాని వారానికెన్నిసార్లో విశాఖ దిగుతూనే ఉంటాడు.

బండికి స్వభావం ఉంటుందనీ, దానికి అలవాటు పడాలనీ ఏళ్ల తరబడి చెప్పిన పెద్దమనిషే బండి అమ్మకానికి పెట్టగానే మెకానిక్ దగ్గర కూర్చుంటాడు. ట్యూబు ముక్క మాయమవుతుంది, కొత్త బుష్‌లు పడతాయి. కొనేవాడితో ‘గేరు వెన్నలా పడుతుంది, వేసి చూడండి’ అంటాడు.