పత్రం, పుష్పం, సర్టిఫికెట్

మన డిగ్రీ కాలేజీల్లో ప్రాంతీయ గణిత సదస్సులు జరగవు. జరిగేవన్నీ జాతీయ సదస్సులే. సొంత కాలేజీ పిల్లలు, పక్క జిల్లా నుంచి మూడు కాలేజీల పిల్లలు, వేదిక మీద చెన్నై నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరుగారు ఉంటే చాలు, జాతి మొత్తం తరలివచ్చినట్టే. మలేసియా నుంచి ఒకాయన తెర మీద పది నిమిషాలు కనబడి, మాట వినబడక మాయమయ్యాడా, ఫ్లెక్సీ మీద ‘అంతర్జాతీయ’ అని కూడా పడిపోతుంది.

ఇదేదో గొప్పలకు పోవడం అనుకునేరు. పక్కా లెక్క. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధనకు మార్కులు వేసే పట్టిక ఒకటుంది. సదస్సులో పత్రం చదివితే రాష్ట్ర స్థాయికి 2, జాతీయ స్థాయికి 3, మన దేశంలోనే జరిగే అంతర్జాతీయానికి 5, విదేశంలో అయితే 7. అదే హాలు, అదే పత్రం, అదే సాంబారు. ఫ్లెక్సీ మీద మాట మారిస్తే రెండు కాస్తా ఐదవుతుంది. మన గణిత శాఖలు ఇన్నేళ్లలో సాధించిన మహా సిద్ధాంతం ఇదే: 2 = 5. దీనికి మాత్రం నిరూపణ ఎవరూ అడగరు.

మరి ఇందులో డిగ్రీ విద్యార్థి పనేమిటి? రిజిస్ట్రేషన్ ఫీజు కట్టడం, కుర్చీ నింపడం, పత్రాల సంఖ్య పెంచడం. న్యాక్ తనిఖీ రోజున ‘విద్యార్థి పరిశోధన’ అనే ఫైల్లో ఫొటోగా దర్శనమివ్వడం.

రామానుజన్ పుట్టినరోజైన డిసెంబరు 22ను 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం కదా, ముహూర్తాలన్నీ ఆ చుట్టుపక్కలే. పదింటికన్న సభ ముఖ్య అతిథి దయవల్ల పదకొండున్నరకు మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, శాలువాలు, మెమెంటోలు. వేదిక మీది 8 మందిలో ఒక్కొక్కరూ మిగతా ఏడుగురినీ హోదాలతో సహా పేరుపేరునా సంబోధిస్తారు. మొత్తం 56 సంబోధనలు. ఆ పూట జరిగే నికరమైన గణితం అంతే. గణితం లేనిదే జీవితం లేదనీ, సున్నాను ప్రపంచానికి ఇచ్చింది మనమేననీ ఉద్ఘాటించి, ముఖ్య అతిథి ఇంకో సభకు వెళ్లిపోతారు. దండ వేయించుకున్న రామానుజన్ మాత్రం ఫొటోలో ఉండిపోతాడు. ఎఫ్.ఏ. (నాటి ఇంటర్) తప్పిన ఆ కుర్రాడు ఇవాళ తన జయంతి సభకే వస్తే రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే ఆపేస్తారు. బోనఫైడ్ ఏది బాబూ? గైడ్ సంతకం ఏది?

విద్యార్థుల వంతు భోజనాల తర్వాత. వెనక బ్లాకులో, ఫ్యాను తిరగని గదిలో. మనిషికి ఐదు నిమిషాలు, నాలుగో నిమిషానికి గంట. బీఎస్సీ రెండో ఏడాది చదివే అమ్మాయి లేస్తుంది. పత్రం పేరు ‘దైనందిన జీవితంలో గ్రాఫ్ థియరీ పాత్ర’. మొదటి స్లైడులో కాలేజీ లోగో, గైడ్‌గారి పేరు, ఆయన డిగ్రీలు. రెండో దాంట్లో ఆయిలర్, 1736, కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనలు. ఒక్కో వంతెననూ ఒక్కసారే దాటుతూ ఊరంతా తిరగడం అసాధ్యమని ఆయన తేల్చాడు. ఎందుకు అసాధ్యమో స్లైడులో లేదు. తర్వాత నాలుగు నిర్వచనాలు, గూగుల్ మ్యాప్స్ బొమ్మ, ఫేస్‌బుక్ బొమ్మ. ఆఖరి స్లైడులో గులాబీ పువ్వు, కింద ‘థ్యాంక్యూ’. చప్పట్లు. అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకుని, “వెరీ గుడ్. ఏ కాలేజీ అమ్మా?” అంటారు. సాయంత్రం దాకా ఆ గదిలో పుట్టే ప్రశ్న అదొక్కటే.

ఆ ఏడు వంతెనల్లో రెండు రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిపోయాయి. మిగిలిన ఐదింటినీ ఒక్కొక్కసారే దాటి రాగలమా అమ్మా అని అడిగి ఉంటే? బోర్డు మీద నాలుగు చుక్కలు పెట్టి, ఐదు గీతలు గీస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. రాగలం. కాకపోతే ఒక దీవిలో బయల్దేరి ఇంకో దీవిలో ఆగాలి. ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్ల సొంతంగా ఒక సంగతి కనిపెట్టేది. కానీ టైమ్ లేదు. వాలిడిక్టరీకి ఇంకా శాలువాలు మిగిలి ఉన్నాయి.

పిల్లల్ని అనడం లేదు. ఆ పీపీటీ సీనియర్ల నుంచి వారసత్వంగా వచ్చింది. ఇప్పుడు చాట్‌జీపీటీ పుణ్యమా అని ఆ బంధుత్వం కూడా తెగిపోయింది. పిల్లలు అడిగింది ఇచ్చారు. అడిగినవాళ్లకు కావాల్సింది పేజీలు, వచ్చింది పేజీలు.

“డిగ్రీ పిల్లలకు పరిశోధన ఏమిటండీ, సిలబస్ దాటితే అదే పదివేలు” అని స్టాఫ్ రూములో వినబడే మాట ఇంకొకటి. మరి కప్రేకర్ గారి సంగతో? ఆయన దేవళాలిలో బడి పంతులు. పీజీ కూడా లేదు. 1949లో మద్రాసు గణిత సదస్సులో ఆయన పెట్టిన సంఖ్య 6174. అన్నీ ఒకటే కాని నాలుగంకెల సంఖ్య తీసుకోండి, 3524 అనుకుందాం. పెద్దవరస 5432లోంచి చిన్నవరస 2345 తీసేస్తే 3087. మళ్లీ అలాగే 8730లోంచి 0378 తీస్తే 8352. 8532లోంచి 2358 తీస్తే 6174. ఎక్కడ మొదలుపెట్టినా ఏడు తీసివేతల్లోపు అక్కడికే చేరతాం. మూడంకెలతో చేస్తే 495 దగ్గర ఆగుతుంది. ఐదంకెలతో చేస్తే ఆగదు, మూడు వలయాల్లో ఏదో ఒకదాంట్లో పడి తిరుగుతూనే ఉంటుంది. ఎందుకని? పదికి బదులు ఎనిమిదిని ఆధారంగా తీసుకుని లెక్కపెడితే ఏమవుతుంది? దీనికి కావాల్సింది తీసివేత, ఓపిక, నోట్‌బుక్కు. శాలువా అక్కర్లేదు.

ఇంకాస్త బరువైంది కావాలా? ఐఐటీ కాన్పూరులో నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో బీటెక్ ప్రాజెక్టుగా పట్టుకున్న దారే, ఆ ఆగస్టుకల్లా మణీంద్ర అగ్రవాల్‌తో కలిసి ప్రధాన సంఖ్యల పరీక్షకు పేరున్న ఏకేఎస్ పద్ధతికి చేర్చింది. అది ఐఐటీ కదా అంటారా? సరే, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు గారి సంగతే చూడండి. కలకత్తాలో ఆయన పాఠంలో ఒక సూత్రం చెబుతుంటే దండేకర్ అనే విద్యార్థి లేచి, శాంపిల్ చాలా పెద్దదైతేనే ఇది నిజమా, చిన్నదైతే కాదా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని తేల్చేశారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామర్-రావు హద్దు. తరగతిలో ఒక కుర్రాడు నోరు తెరవడం వల్ల స్టాటిస్టిక్స్‌కు ఒక మూలస్తంభం దొరికింది. మనమైతే అతణ్ని “డిసిప్లిన్” అని కూర్చోబెట్టేవాళ్లం.

ప్రాంతీయం అంటే చిన్నతనం అనుకునేవాళ్లకు ఇంకో ముక్క. 1907లో భారతీయ గణిత సంఘానికి పునాది వేసిన రామస్వామి అయ్యరు అప్పట్లో మన గుత్తిలో డిప్యూటీ కలెక్టరు. ఉత్తరాలు రాసి మనుషుల్ని పోగుచేశాడు. ఆ సంఘం పత్రికలోనే 1911లో రామానుజన్ మొదటి పత్రం అచ్చయింది. పాఠకులకు ఆయన ప్రశ్నలూ విసిరాడు. అందులో ఒకటి, వర్గమూలం కింద వర్గమూలం అంతులేకుండా సాగే లెక్క. ఆరు నెలలు చూసినా ఎవరూ తేల్చలేదు. చివరికి ఆయనే చెప్పాడు, జవాబు 3 అని. ఇవాళ జాతీయ సదస్సులో పత్రానికి యూజీసీ ఇచ్చేదీ అంతే. మనం మూడును మూలాలు లేకుండానే సంపాదిస్తున్నాం.

లెక్చరర్ల కష్టాలు లేవనడం లేదు. ఖాళీ పోస్టులు, గెస్ట్ జీతాలు, అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగడం, అన్నీ ఉన్నాయి. అందుకే ఖర్చు లేని మాట చెబుతున్నాను. వచ్చే డిసెంబరులో శాలువాలు మానేయండి. సదస్సుకు ‘మండల స్థాయి’ అని ధైర్యంగా పేరు పెట్టండి. ముప్పై పత్రాల బదులు ఆరు చాలు. పిల్లలకు స్లైడులొద్దు, సుద్దముక్క ఇవ్వండి. పదిహేను నిమిషాలు వాళ్లు చెప్పాక, పది నిమిషాలు అందరూ అడగండి. ప్రశ్న పడని పత్రానికి సర్టిఫికెట్ ఇవ్వకండి.

ఇక పత్రం చదవబోయే అమ్మాయికి, అబ్బాయికి. అధ్యక్షులవారు “ఏ కాలేజీ?” అంటే మర్యాదగా చెప్పండి. చెప్పి, కూర్చోకండి. “నా పత్రం మీద ఏమీ అడగరా సార్?” అని నిలబడే అడగండి.