టీఎన్23: ఒక లైసెన్సు కార్డు ఆత్మకథ

రాయవేలూరు (వేలూరు) ప్రాంతీయ రవాణా కార్యాలయ పరిధిలో 2021లో జారీ అయి, గుడియాత్తంలో లుంగీల బేళ్లు మోసే చిన్న వ్యాను డ్రైవరు చొక్కా జేబులో కాలం గడుపుతున్న ఒక లైసెన్సు కార్డు తన కథను తానే చెప్పుకోగా ఏర్పడినది ఈ రచన. ఆఫీసులో పుట్టిన వస్తువు గనుక దస్త్రాల భాషే దానికి అబ్బింది. తనను తాను కూడా 'సదరు కార్డు' అనే పేర్కొంటుంది.

సదరు కార్డు జాతకమంతా దాని నంబరులోనే ఉంది. మొదటి రెండక్షరాలు టీఎన్ తమిళనాడును, తర్వాతి 23 వేలూరు కార్యాలయాన్ని, ఆపై నాలుగంకెలు జారీ అయిన సంవత్సరాన్ని తెలుపగా, చివరి ఏడంకెలు వట్టి వరుస సంఖ్య. 2019లో పాత వేలూరు జిల్లా నుంచి రాణిపేట, తిరుపత్తూరు విడివడినా 23 మాత్రం వేలూరుకే మిగిలింది. ఇంత చెప్పిన నంబరు యజమాని పేరును గాని, పుట్టిన తేదీని గాని, ఆడా మగా అన్నదాన్ని గాని ఎక్కడా బయటపెట్టదు.

షికాగో పరిసరాల తెలుగువారి జేబుల్లో ఉండే ఇల్లినాయిస్ లైసెన్సు తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడి నంబరు ఇంటిపేరుతోనే మొదలవుతుంది. 1918లో అమెరికాలో పేటెంటు పొందిన సౌండెక్స్ అనే పద్ధతి, పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలి, మిగిలిన హల్లులను వాటి ధ్వనినిబట్టి అంకెలుగా మారుస్తుంది. 'ద' వంటి ధ్వనికి 3 వస్తుంది, అంకెలు చాలకపోతే సున్నాలు చేరతాయి. ఆ లెక్కన రెడ్డి ఆర్300గా, నాయుడు ఎన్300గా, హల్లులే మిగలని రావు ఆర్000గా మారిపోతారు. వాటి తర్వాత సొంత పేరు సంకేతం, పుట్టిన సంవత్సరం, పుట్టిన నెల, తేదీలను కలిపి సూచించే రోజు సంఖ్య వరుసగా వచ్చి, స్త్రీ అయితే ఆ రోజు సంఖ్యకు 600 కలుస్తుంది. సూత్రం తెలిసినవాడు నంబరు చూసి వయసు చెప్పగలడు కనుక, గోప్యత విషయంలో వేలూరు నంబరుదే పైచేయి.

గుడియాత్తం తెలుగువారికి సౌండెక్స్ అంత తేలికగా అతకదు కూడా. తమిళనాడు ఆచారం ప్రకారం కాగితాల్లో ఇంటిపేరు ఉండక, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియలుగా నిలుస్తుంది. సదరు కార్డుపైనా అంతే. కార్డు మీద యజమాని తెలుగువాడని చెప్పేది ఒక్క సంతకమే, అదీ జేబు ఒరిపిడికి అంచున వెలిసిపోయింది.

మిగిలిన సంకేతాల్లో యజమాని కూడు ముడిపడి ఉన్నది ఎల్‌ఎంవీ అనే మూడక్షరాల్లో. తేలికపాటి మోటారు వాహనం అని దాని భావం. ఆ అర్హత ఉన్నవారు సరుకు వ్యాను నడపడానికి వేరే ట్రాన్స్‌పోర్టు అనుమతి పొందాలా అన్న వివాదం ఏళ్ల తరబడి సాగి, బీమా పరిహారాలకు కూడా అడ్డుపడగా, మొత్తం బరువు 7,500 కిలోలు మించని వాహనాలకు అది అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

2019 అక్టోబరు నుంచి దేశమంతటా లైసెన్సులకు ఒకే నమూనా అమలులోకి రాగా, సదరు కార్డు వెనుక క్యూఆర్ కోడ్ చేరింది. కార్డుపై అచ్చయిన వివరాలను, సారథి అనే జాతీయ రికార్డులోని వివరాలతో సరిపోల్చుకోవడానికి అది తోవ. లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది గనుక, పరదరామి మీదుగా చిత్తూరు వెళ్లినా ఇదే కార్డు సరిపోతుంది. డిజిలాకరులోని ప్రతికీ చట్టంలో అదే విలువ ఉండడంతో సదరు కార్డుకు ఇటీవల జేబులోంచి బయటికి వచ్చే పని తగ్గింది.

ముప్పై ఏళ్లలోపు వయసులో లైసెన్సు పొందినవారికి అది నలభై ఏళ్లు నిండేవరకు చెల్లుతుంది కనుక, 1995లో పుట్టిన యజమాని 2035లో పునరుద్ధరణకు వెళ్లాలి. గడువు తీరాక ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష తప్పదు.