ఊళ్లో నవ్వినా సరే, ఈ తలతిక్క సలహాలు పాటించండి

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను, ఉద్దానం కొబ్బరినీ జీడినీ ఒక్క రాత్రిలో కూల్చేసింది. ఆ తుఫాను మన మడుల వల్లే వచ్చిందని ఎవరూ అనలేరు. కానీ సముద్రం వేడెక్కేకొద్దీ తుఫాన్లకు బలం పెరుగుతుంది. ఆ వేడిలో మన సేద్యానికీ వాటా ఉంది. అందుకే భావనపాడు చుట్టుపక్కల రైతులకు ఈ మాటలు.

వరి చేనును ఎండనివ్వండి. మడి నిండుగా ఉండాలనే పెద్దలు దీన్ని తిక్క అంటారు. నీళ్లు నిలవుంటే అడుగున బురదకు గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన మోళ్లను తిని మీథేన్ వదులుతాయి. అది ఎక్కువగా వరి కాడల్లోంచే పైకి పోతుంది. వందేళ్ల లెక్కలో కిలో మీథేన్ సుమారు 27 కిలోల బొగ్గుపులుసు వాయువంత వేడి పెంచుతుంది.

అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు ముక్కకు కింది సగమంతా బెజ్జాలు పెట్టి, ఆ సగాన్ని మడిలో పాతి, లోపలి మట్టి తీసేయండి. పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగేదాకా మళ్లీ తడి పెట్టొద్దు. పైన చిన్న నెర్రెలు కనబడితే కంగారుపడకండి, వేళ్లకు తేమ అందుతూనే ఉంటుంది. ఉభాలయ్యాక మొదటి రెండు వారాలూ, పూత వేళా మాత్రం నీరు తగ్గనివ్వొద్దు. ఇలా చేస్తే మీథేన్ సగం దాకా తగ్గొచ్చు. మిగిలిన నీరు వంశధార ఎడమ కాలువ శివారుకు చేరుతుంది. పైన మడులు పొంగుతుంటే కింద ఆకుమడి ఎండిపోయే బాధ శివారు రైతుకే తెలుసు. ఈ సలహాలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

సముద్రాన్నీ, నౌపడ ఉప్పు మడులనూ ఆనుకున్న చవిటి నేలల్లో మాత్రం ఈ పని చేయొద్దు. నేల ఎండితే అడుగున ఉన్న ఉప్పు పైకి తేలి పైరును చంపుతుంది.

పక్క చేను ఎంత నల్లగా ఎదిగినా, పోటీకి పోయి ఇంకో బస్తా యూరియా చల్లకండి. మొక్క తీసుకోని నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. వేడి పెంచడంలో అది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 270 రెట్లు. పైగా తడిపీ ఆరనిచ్చీ పెంచే చేలో అది ఇంకాస్త పెరుగుతుంది. కాబట్టి యూరియా తగ్గించకుండా నీరు తగ్గిస్తే సగం పనే. ఆకు రంగు పట్టికతో పోల్చి చూసి, విడతలుగా వేయండి. పచ్చి గెత్తాన్ని నీళ్ల మడిలో కలిపితే మీథేన్ ఎక్కువవుతుంది, బాగా మాగాకే తోలండి.

దేశంలో సేద్యం వదిలే వాయువుల్లో సగానికి పైగా పశువుల కడుపులోంచే వస్తాయి. అయినా ఆవుల్ని అమ్మేయమని చెప్పను. ఉత్త ఎండుగడ్డితో సరిపెట్టకుండా పచ్చిమేత కలపండి. అరుగుదల బాగుంటే లీటరు పాలకు పడే మీథేన్ తగ్గుతుంది.

జీడిపిక్కలు ఏరడానికి ఊడ్చిన ఆకుకు నిప్పు పెట్టకండి. చెట్టు చుట్టూ, మొదలుకు కాస్త ఎడంగా పరవండి. ఇసుక నేలకు తేమ నిలిచేది దానివల్లే.