ఎందుకైనా మంచిది!

తెగులు కనబడ్డాక మందు కొట్టడం పాతకాలపు పద్ధతి. ఇప్పుడు వరి పిలక వేస్తే ఒక కొట్టుడు, పొట్టకొస్తే ఒక కొట్టుడు, ఈనితే ఇంకొకటి. ఏ తెగులుకని అడిగితే జవాబు సిద్ధం: "ఎందుకైనా మంచిది."

మందుల షాపు కౌంటరు దగ్గర ఫోన్లో తీసిన మసక ఫొటో చాలు, రోగం తేలిపోతుంది. ఆకు అంచులు ఎండితే అది బ్యాక్టీరియా ఎండాకు తెగులు కావచ్చు, దాని ముందు బూజును చంపే తెగులు మందు నీళ్లతో సమానం. తెల్లకంకి లాగగానే ఊడొస్తే అది కాండం తొలుచు పురుగు పని. కౌంటరుకు ఇలాంటి పక్షపాతాలు లేవు. బూజుకైనా, బ్యాక్టీరియాకైనా, పురుగుకైనా అదే డబ్బా! పొలానికొచ్చి చూసేవాడు లేనప్పుడు రైతుకు ఆ కౌంటరే దిక్కు.

వరిలో పాముపొడ తెగులు సంగతి చూడండి. ఒత్తుగా నాటి, యూరియా దండిగా చల్లి, దానికి పందిరి వేసి పిలుస్తాం. వచ్చాక హెక్సాకొనజోల్‌తో మర్యాద చేస్తాం. యూరియా తగ్గించమని మాత్రం ఎవరూ అనరు. చల్లని యూరియాకు బిల్లు రాయడం కుదరదు కదా!

ఇక నేలలోని మేలు చేసే శిలీంద్రాల భాగ్యం. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో మాగబెట్టి, భక్తిగా పొలంలో చల్లుతాం. ఆ వెనకే కార్బెండజిమ్ అనే తెగులు మందు పోస్తాం. దానికి మంచి శిలీంద్రం, చెడ్డ శిలీంద్రం అన్న తేడా తెలియదు. ఉచితంగా పనిచేసేదాన్ని డబ్బిచ్చి చంపించే తెలివి మనది.

అమెరికాలోని కాన్సాస్ గడ్డిమైదానాల్లో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కొన్ని మళ్లలో బెనోమిల్ అనే శిలీంద్రనాశిని పోశారు. వేళ్లలో చేరి మొక్కకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంద్రాలు అణగిపోతే గడ్డి ఏమవుతుందో చూడటానికి. వాటి మీద ఆధారపడే పొడవాటి గడ్డి తగ్గిపోయింది. బెనోమిల్ విడిపోతే వచ్చేది మన కార్బెండజిమే. మన జొన్న, మొక్కజొన్న కూడా గడ్డి జాతులే, వాటి వేళ్లలోనూ మైకోరైజా ఉంటుంది. వాళ్లు ప్రయోగానికి కొన్ని మళ్లే కేటాయించారు. మనది పెద్ద మనసు, పొలమంతా కేటాయించాం.

నేల సంగతి అలా ఉంటే, ఇక తినే గింజ సంగతి. ఐరోపా సమాఖ్య 2017లో బియ్యంలో అగ్గితెగులు మందు ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కు దించేసింది. వాళ్లూ జాగ్రత్తపరులే. కాకపోతే వాళ్ల జాగ్రత్త తినేవాడి గురించి, మన కౌంటరు జాగ్రత్త గల్లాపెట్టె గురించి.

అగ్గితెగులు నిజంగా సోకితే, లేదా చలి, మంచు పట్టిన రాత్రుల్లో ఆ తెగులుకు లొంగే రకం పొలంలో ఉంటే, ట్రైసైక్లజోల్ పంటను కాపాడుతుంది. అప్పుడు లీటరుకు 0.6 గ్రాములు కొట్టాల్సిందే. అవేమీ లేకుండా డబ్బా అంటగట్టేవాణ్ణి ఒక్కమాట అడగండి: "రేపు పొద్దున మా గట్టు మీదికొచ్చి ఆ తెగులేదో చూపిస్తావా?" చూపిస్తే కొనండి.