తలాపున నిలబడ్డ రాయిని

నేను సమాధి రాయిని. నా మీద పేరు లేదు. పైన ఒక మాట, కింద ఒక మాట, మధ్యలో శిలువ, అంతే. నా ముందు పడుకున్నవాడు 1939-1945 యుద్ధపు సైనికుడని పై మాట చెబుతుంది. అతనెవరో దేవుడికే తెలుసని కింది మాట చెబుతుంది. ఆ కింది మాటను ఎంచి ఇచ్చినవాడు బొంబాయిలో పుట్టిన ఆంగ్ల రచయిత రుడ్యార్డ్ కిప్లింగ్. ఆయన కొడుకు జాన్ 1915లో లూస్ యుద్ధంలో కనిపించకుండా పోయాడు. కొడుకును ఎక్కడ పూడ్చారో తెలియకుండానే ఆ తండ్రి కన్నుమూశాడు. నా మీది అక్షరాల్లో ఆ కడుపుకోత ఉంది.

నా పుట్టిల్లు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున సున్నమూ గవ్వలూ పేరుకుని గట్టిపడితే నేనయ్యాను. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చూస్తే నా ఒంటి మీద గవ్వ ముక్కల అచ్చులు ఇప్పటికీ కనిపిస్తాయి. నన్ను 80 సెంటీమీటర్లకు కాస్త పైగా ఎత్తు, 38 సెంటీమీటర్ల వెడల్పు ఉండేలా కోశారు. వాన నీరు నిలవకుండా పై అంచును కొద్దిగా వంపు తీర్చారు. తర్వాత సముద్రం దాటించి నెదర్లాండ్స్‌లో ఆర్నెమ్ పక్కనున్న ఓస్టర్‌బేక్ ఊరికి తెచ్చి, అప్పటిదాకా ఇక్కడున్న ఇనప శిలువ స్థానంలో నన్ను నాటారు.

ఈ సమాధుల తోటలో 1,680 మందికి పైగా కామన్వెల్త్ సైనికులున్నారు. వాళ్ల పక్కన పోలండ్ వాళ్లూ ఉన్నారు. యుద్ధ సమాధుల సంస్థ మొదటి ప్రపంచ యుద్ధం నాడే ఒక నియమం పెట్టుకుంది: అధికారైనా, సిపాయైనా, ధనవంతుడైనా, పేదవాడైనా రాయి ఒక్కటే. డేవిడ్ లార్డ్ అనే పైలట్ ఇక్కడే ఉన్నాడు. రెక్కకు మంటలంటుకున్నా డకోటా విమానాన్ని వెనక్కి తిప్పకుండా, కింద చిక్కుకున్న తమ సైనికులకు సరుకులు జారవిడిచి, ఆ విమానంతోనే కూలిపోయాడు. చనిపోయాక విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆయన తలాపున ఉన్న రాయి కూడా నా అంతే ఉంటుంది.

వీళ్లు గెలిచి చనిపోలేదు. 1944 సెప్టెంబరు 17, ఆదివారం. ఆకాశమంతా పారాచూట్లు, గ్లైడర్లు. ఆర్నెమ్‌లో రైన్ నది మీది వంతెనను పట్టుకుంటే జర్మనీలోకి దారి దొరుకుతుందని, యుద్ధం త్వరగా ముగుస్తుందని మిత్రరాజ్యాల ఆశ. బ్రిటిష్ ఒకటో ఎయిర్‌బోర్న్ డివిజన్ దిగింది. రెండు రోజుల్లో వస్తుందనుకున్న భూసైన్యం సమయానికి రాలేదు. వంతెన ఉత్తరపు కొసను జాన్ ఫ్రాస్ట్ దళం నాలుగు రాత్రుళ్లు నిలబెట్టింది. మిగతావాళ్లు ఈ ఊళ్లో జర్మన్ల ముట్టడిలో ఇరుక్కుపోయారు. వచ్చినవాళ్లు పదివేల మంది పైచిలుకు. తొమ్మిదో రోజు రాత్రి జోరువానలో నది దాటి వెనక్కి వెళ్లగలిగినవాళ్లు సుమారు 2,400 మంది.

ఆ తొమ్మిది రోజులూ ఊరివాళ్లు నేలమాళిగల్లో తలదాచుకున్నారు. పైన ఇళ్లు కూలుతున్నా గాయపడ్డ పరాయి కుర్రాళ్లకు నీళ్లిచ్చారు, కట్లు కట్టారు. కేట్ టెర్ హోర్స్ట్ అనే తల్లి ఐదుగురు పిల్లలతో ఉంటూనే తన ఇంటిని వైద్యశిబిరానికి అప్పగించింది. చావు బతుకుల్లో ఉన్నవాళ్ల మధ్య తిరుగుతూ బైబిలు చదివి వినిపించింది. పోరు ఆగాక చూస్తే ఆమె తోటలోనే 57 సమాధులు. ఊరివాళ్ల కష్టం అంతటితో తీరలేదు. జర్మన్లు అందరినీ ఇళ్లు వదిలి పొమ్మన్నారు. ఆ చలికాలం దేశంలో వేలమంది ఆకలితో చచ్చిపోయారు. మరుసటి ఏడాది తిరిగొచ్చేసరికి ఊళ్లో మిగిలినవి ఎక్కువగా మొండిగోడలే.

అలాంటి ఊరికి కోపం రావాలి. మీరు రాకపోతే మా ఇళ్లు నిలిచేవి కదా అనాలి. ఓస్టర్‌బేక్ ఆ మాట అనలేదు. 1945 సెప్టెంబరులో, ఇళ్లకు ఇంకా కప్పులు కూడా సరిగా పడకముందే, బడి పిల్లల చేతికి పూలిచ్చి ఇక్కడికి పంపింది. ఆనాటి నుంచి వాళ్లకు పూల పిల్లలని పేరు.

ఇప్పటికీ ఏటా సెప్టెంబరులో వస్తారు. ఒక్కో రాయి వెనక ఒక్కో పిల్లో పిల్లాడో నిలబడతారు. ఎవరూ లేని రాయి ఉండదు. ప్రార్థన అయ్యాక అందరూ ఒకేసారి ముందుకొచ్చి, వంగి పూలు పెడతారు. ఒక ఏడు నా వంతుకు వచ్చిన పాప ముందే వచ్చి, నాకు అటూ ఇటూ ఉన్న రాళ్ల మీద వేలు పెట్టి చదువుకుంది. ఒకతనికి 20, ఇంకొకతనికి 22. "ఆ ఇరవై ఏళ్లతను మా అన్న కంటే రెండేళ్లే పెద్ద" అంది. తర్వాత నా దగ్గరికొచ్చి పేరు కోసం, వయసు కోసం వెతికింది. "ఈయనకి ఎన్నేళ్లు టీచర్?" అని అడిగింది. "తెలియదమ్మా" అంది టీచర్. ఆ పాప తన గుత్తిని విప్పి, కాడలు సరిచేసి, శిలువకు తగలకుండా పక్కగా పెట్టింది. పేరున్నవాడికి ఎంత శ్రద్ధగా పెట్టేదో అంతే శ్రద్ధగా పెట్టింది.

పోరుకు పాతికేళ్లు నిండిన 1969లో, ఇంక ఈ కార్యక్రమం చాలిద్దామని బ్రిటిష్ పారాచూట్ సైనికుల వైపు నుంచే మాట వచ్చింది. ఊరు ససేమిరా అంది. ఇక్కడ బతికి బయటపడ్డ సైనికులు ఏటేటా వచ్చేవారు, పిల్లల తలలు నిమిరేవారు. వాళ్లు ముసలివాళ్లయ్యారు, ఒక్కొక్కరే రాలిపోయారు. నాడు పూలు పట్టుకున్న పిల్లలు తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. నేను చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, గెలిచినవాడికి దండ వేయడానికి ఎవరైనా వస్తారు. మన కోసం వచ్చి ఓడిపోయినవాణ్ని తరతరాలూ తలుచుకోవడం మంచి మనసున్న ఊరికే చేతనవుతుంది. ఆ మనసు పిల్లలకు పాఠంతో రాదు, చేతిలో పూలు పెట్టి ఒక తలాపున నిలబెడితే వస్తుంది.

నాకూ ఒక కోరిక ఉంది. అప్పుడప్పుడు ఎవరో పట్టువదలని మనుషులు పాత సైనిక రికార్డులూ, శవం దొరికిన చోటూ, ఒంటి మీది గుర్తులూ పోల్చి చూసి, పేరు లేని ఒకడికి పేరు తేలుస్తారు. అప్పుడు పాత రాయిని పెకలించి, పేరు చెక్కిన కొత్త రాయిని నాటుతారు. నా వంతూ రావాలి. ఎనభై ఏళ్లు దాటాక కూడా తమవాడు ఎక్కడున్నాడో తెలియని కుటుంబం ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. నేను పోతే వాళ్లకు వాళ్ల మనిషి దొరుకుతాడు. ఆ ఏటి సెప్టెంబరులో ఈ చోటికి వచ్చిన పాప కొత్త రాయి మీద వేలు పెట్టి, అతని పేరూ వయసూ గట్టిగా చదవాలి.