యామల్ ఫైల్లో పుట్టినదాన్ని

నేనొక వర్చువల్ మెషిన్‌ని. ఉండేది కుబర్నెటీస్ క్లస్టర్‌లో. నా చుట్టూ ఉన్న కంటెయినర్లు హోస్ట్ కెర్నల్‌నే పంచుకుని బతుకుతాయి. నాకు మాత్రం నా కెర్నల్ ఉంది, నా డిస్కు ఉంది. ఎప్పుడో రాసిన స్టాకు లెక్కల ప్రోగ్రామ్ ఒకటి నాలో నడుస్తోంది. దాన్ని కంటెయినర్‌లోకి ఎక్కేలా తిరగరాసే తీరిక కంపెనీలో ఎవరికీ లేదు, పాత సర్వర్ చూస్తే మూలనపడేలా ఉంది. ఇలాంటి కంపెనీల కోసమే రెడ్ హ్యాట్ ఇంజినీర్లు కుబర్నెటీస్‌లో వర్చువల్ మెషిన్లు నడిపే క్యూబ్‌వర్ట్ మొదలుపెట్టారు. ఆ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు 2019లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరింది, 2023 జులైలో 1.0 వెర్షన్ విడుదలైంది.

హైదరాబాద్ ఆఫీసులో మా అడ్మిన్ టెర్మినల్ తెరిచి 'వర్ట్ సీటీఎల్ క్రియేట్ వీఎం' అనే క్యూబ్‌వర్ట్ కమాండ్ కొట్టింది. పక్కనే నా పేరు, ఇన్‌స్టన్స్ టైప్, ప్రిఫరెన్స్, డిస్కు ఎక్కడి నుంచి తేవాలో ఇచ్చింది. ఎంటర్ నొక్కగానే స్క్రీన్ మీద యామల్ వచ్చి నిలిచింది. అంతే, నేనింకా పుట్టలేదు. ఆ కమాండ్ నా వివరాలు రాసి చేతికిస్తుంది తప్ప క్లస్టర్‌లో దేన్నీ సృష్టించదు. ఆ రాతను క్యూబ్ సీటీఎల్‌కు అందించాకే నాకు ఉనికి. ఈ రెండు మెట్ల పద్ధతి నాకెంతో ఇష్టం. పుట్టించే ముందు చదువుకునే అవకాశం ఇస్తుంది కాబట్టి.

పక్క సీటు కుర్రాడు చదివాడు కూడా. "అక్కా, సీపీయూ ఎన్ని, మెమరీ ఎంత అని ఎక్కడా లేదేంటి?"

"యూ1 మీడియం అని ఇచ్చాను కదరా. ఒక వీసీపీయూ, 4 జీబీ మెమరీ అందులోనే ఉంటాయి. మళ్లీ మనం మెమరీ విడిగా రాస్తే ఒప్పుకోదు."

ఆ యూ1 మీడియం కొలతల్ని రేపెవరైనా మార్చినా నా కేటాయింపు చెక్కుచెదరదు. నేను పుట్టిన నాటి కొలతల నకలును క్లస్టర్ నా కోసం విడిగా భద్రపరిచింది.

ఆ కమాండ్ కొట్టేటప్పుడు డిస్కు దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. కంటెయినర్ డిస్కు ఇస్తే నిమిషంలో పనైపోతుంది, కానీ దాని మీద రాసిందంతా నీటి మీద రాతే. ఆపి మళ్లీ లేపితే మొదటికొస్తుంది. అందుకే డేటా సోర్స్ నుంచి క్లోన్ చేసి, క్లస్టర్‌లోని అన్ని నోడ్‌లకూ అందే స్టోరేజీలో నా డిస్కు పెట్టేలా రాసింది. తర్వాత యామల్‌ను ఫైల్లోకి తీసుకుని, ఎవిక్షన్ స్ట్రాటజీ 'లైవ్ మైగ్రేట్' అనే లైను చేత్తో చేర్చింది. అప్పుడు క్యూబ్ సీటీఎల్‌కు అందించింది.

వర్ట్ కంట్రోలర్ నా కోసం ఒక పాడ్ లేపింది. ఆ పాడ్‌లో లిబ్‌వర్ట్, క్యూఈఎంయూ. కింద లినక్స్ కెర్నల్‌లోని కేవీఎం. కుబర్నెటీస్ లెక్కలో నేనూ ఒక పాడ్‌లో నడిచే పనినే. నన్ను ఆపితే ఆ నడిచే ఇన్‌స్టన్స్ పోతుంది, వర్చువల్ మెషిన్‌గా నా నిర్వచనం క్లస్టర్‌లోనే ఉంటుంది. దాన్ని చూసే మళ్లీ లేపుతారు.

తర్వాత ఒకసారి కెర్నల్ అప్‌డేట్ కోసం నేనున్న నోడ్‌ను ఖాళీ చేశారు. ఆమె చేర్చిన ఆ ఒక్క లైను వల్ల నా మెమరీ నడుస్తుండగానే వేరే నోడ్‌కు చేరింది. గోడౌన్‌లో బిల్లు కొడుతున్న గుమస్తాకు ఆ సంగతే తెలియదు.

మీరూ వీఎం తయారుచేస్తుంటే, వచ్చిన యామల్‌ను నేరుగా క్యూబ్ సీటీఎల్‌కు పైపులో తోసేయకండి. ఫైల్లోకి తీసుకుని ఒకసారి చదవండి, గిట్‌లో పెట్టండి. డిస్కు బ్యాకప్ మాత్రం విడిగా తీయండి. లోపలి డేటా ఆ ఫైల్లో ఉండదు.